దగ్గరికొచ్చేసే గుర్రాలు: ఫిబ్రవరి మంచులో ఐస్‌లాండ్

గుర్రాన్ని ఫొటో తీయాలంటే అది పారిపోతుందేమోనన్నదే పెద్ద బెంగ అనుకున్నాను. అందుకే దూరం నుంచి తీసే పెద్ద 70-200 జూమ్ లెన్సు అద్దెకు తీసుకుని, ఆ బరువంతా మెడకు తగిలించుకుని మరీ వెళ్లాను. తీరా చూస్తే ఐస్‌లాండ్ గుర్రాలు పారిపోవడం సంగతి అటుంచి, మనిషి కంచె దగ్గర ఆగడమే ఆలస్యం, మోకాళ్ల లోతు మంచు తొక్కుకుంటూ ఎదురొచ్చేస్తాయి. వచ్చి ఊరుకోవు. ముక్కు తెచ్చి లెన్సుకు ఆనిస్తాయి. ఆ వెచ్చటి ఊపిరికి గాజు మీద ఆవిరి పడుతుంది, చలికి అక్కడికక్కడే పేరుకుపోతుంది. తుడవడానికి గుడ్డ తీస్తే ఆ గుడ్డ కూడా వాటికి కావాలి. మొదటి రోజు నేను తీసిన వాటిలో సగానికి పైగా ముక్కు పుటాలే.

వెళ్లింది ముగ్గురం. నేను, మా ఆవిడ, తెనాలి నుంచి వచ్చిన అమ్మ. మేం ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర. అమ్మది జర్మనీ ఇచ్చిన షెంగెన్ విజిటర్ వీసా, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల గుంపుది. ఐస్‌లాండ్ కూడా షెంగెన్ లోపలిదే కాబట్టి మళ్లీ వీసా గొడవ లేదు. అదే ఆ గుంపులో లేని లండన్‌లో ఉండే మా కజిన్‌కైతే ఇండియన్ పాస్‌పోర్టు మీద విడిగా షెంగెన్ వీసా కావాల్సి వచ్చింది, వాడు ఆగిపోయాడు. ఫ్లైటు మూడున్నర గంటలు. "చలికాలంలో మంచు దేశానికి ఎవరైనా పోతారట్రా?" అని అమ్మ విమానం ఎక్కేదాకా అడుగుతూనే ఉంది. నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: ఎండాకాలంలో ఈ గుర్రాలకు ఇంత బొచ్చు ఉండదు.

అది నిజమే. చలికాలానికి వీటికి రెండు పొరల బొచ్చు పెరుగుతుంది. లోపలిది మెత్తగా ఒత్తుగా, పైది పొడుగ్గా. పడ్డ మంచు వీపు మీద కరగకుండా అలాగే నిలిచి ఉంటుంది, అంటే లోపలి వేడి బయటికి రావడం లేదన్నమాట. గాలి కొడితే అన్నీ కలిసి గాలికి వీపు చేసి, తలలు దించి నిలబడతాయి. ఎత్తు మామూలుగా 130 నుంచి 145 సెంటీమీటర్లే. అయినా అక్కడ ఎవరి ముందూ 'పోనీ' (పొట్టి జాతి గుర్రం) అనకండి, ముఖం మాడ్చుకుంటారు. జనం నాలుగు లక్షల లోపు, గుర్రాలు 70-80 వేలు ఉన్న దేశం అది. బయటి గుర్రాన్ని లోపలికి రానివ్వరు. పోటీలకని ఒక గుర్రాన్ని దేశం దాటించారంటే అది ఇక తిరిగి రావడానికి లేదు. వందల ఏళ్లుగా బయటి జాతితో కలవలేదు కాబట్టి బయటి రోగాలను తట్టుకునే శక్తి వాటికి లేదు. అందుకే వాడేసిన జీను, కళ్లెం లాంటివి కూడా తేనివ్వరు. మా ఆవిడ స్వారీకని తన పాత గ్లవ్స్ సర్దుతుంటే చూసి తీయించేశాను, కొత్తవి కొనుక్కుంది.

ఆరు రాత్రులకు వేసుకున్న లెక్క ఇది: రాజధాని రేక్యావిక్‌లో ఒకటి, దక్షిణ తీరంలోని వీక్ ఊరి దగ్గర రెండు, హెల్లా - హ్వోల్స్‌వోల్లూర్ మధ్య గుర్రాల ఫారంలో మూడు. ద్వీపం చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు 1322 కిలోమీటర్లు. ఫిబ్రవరిలో వారం రోజుల్లో దాన్ని చుట్టేసి వద్దామనుకునేవాళ్లను చూస్తే నాకే టెన్షన్. మా లెక్కే మొదటి రోజు తప్పింది.

ముందు కారు సంగతి. చవకలో దొరికిందని ఎయిర్‌పోర్టు బయట ఆఫీసున్న కంపెనీ తీసుకున్నాను. షటిల్ బస్సు కోసం యాభై నిమిషాలు గాలిలో నిలబడ్డాం, అమ్మ మంకీ క్యాప్ మీద శాలువా, శాలువా మీద నా జాకెట్. బండి ఫోర్ వీల్ డ్రైవే, మంచు మీద జారకుండా మేకుల టైర్లు కూడా ఉన్నాయి, వాటి విషయంలో వంక పెట్టను. కానీ పాత బండి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు పెట్రోలు మాత్రం బాగా తాగింది. బీమా కాగితం మీద కంకరకు ఒకటి, ఇసుక తుఫానుకు ఒకటి అని విడివిడిగా అమ్ముతారు. అన్నీ కొన్నా గాలికి తలుపు విరిగితే మాత్రం వర్తించదు. నవ్వులాట కాదు, ఆ గాలికి కారు తలుపు నిజంగానే వెనక్కి మడత పడుతుంది. బండిని గాలికి ఎదురుగా ఆపి, రెండు చేతులా తలుపు పట్టుకుని దిగాలి. ఇంకో కంపెనీకి ఇరవై ముప్ఫై యూరోలు ఎక్కువ పెట్టి ఎయిర్‌పోర్టులోనే తాళాలు తీసుకోవాల్సింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ పిసినారితనం చేయకండి.

రేక్యావిక్‌లో దిగిన అపార్ట్‌మెంటు బాగానే ఉంది. వేడినీళ్లు తిప్పగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, భూమిలోంచి వచ్చే నీళ్లు కదా, గంధకం. అమ్మ పైపు పాడైందనుకుంది. చన్నీళ్ల కొళాయి నుంచి వచ్చేది మాత్రం కొనుక్కునే బాటిల్ కంటే శుభ్రం. మర్నాడు పొద్దున బయలుదేరదామంటే వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక, రాజధాని దాటగానే వచ్చే హెల్లిస్‌హేయ్ది కనుమ మూసేశారు. తెరిచేదాకా చేసేదేం లేదు. ఇంకో రాత్రి అక్కడే. వీక్ దగ్గరి హోటల్‌కి ఫోన్ చేసి "రోడ్డు మూసేశారండీ, ఒక రాత్రి తగ్గించండి" అంటే కుదరదన్నారు. డబ్బు వెనక్కిరాని బుకింగ్ చేసుకున్నది నేనే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ రోడ్డు మూసిన రోజున కూడా ఇదేనా? చలికాలం ఐస్‌లాండ్‌కి ఆఖరి రోజుదాకా రద్దు చేసుకోగలిగే బుకింగే చేయండి, పది శాతం ఎక్కువైనా సరే.

ఆ హోటల్ గురించి ఇంకో ముక్క. వెబ్‌సైట్ ఫొటోలో కిటికీ బయట గుర్రాలు మేస్తున్నాయి. మేం వెళ్లేసరికి కిటికీ బయట పార్కింగు, ఒక మంచు కుప్ప. అడిగితే గుర్రాలు ఎండాకాలంలో ఉంటాయన్నారు. గది వెచ్చగా ఉంది, మంచం మెత్తగా ఉంది, బ్రేక్‌ఫాస్టు బాగుంది. కానీ మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోసిన చోట గుర్రం మొహం కూడా కనబడలేదు.

వీక్ చుట్టుపక్కల అందరూ చూసేవే చూశాం. స్కోగాఫోస్ 60 మీటర్ల జలపాతం, అంచులన్నీ గడ్డకట్టి ఉన్నాయి. సెల్యాలాండ్స్‌ఫోస్ అనే ఇంకో జలపాతం వెనక్కి వెళ్లే దారి మంచుగడ్డల వల్ల మూసేశారు. రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో నేనూ మా ఆవిడా దూరం నుంచి చూసి వచ్చేశాం. అక్కడ అల చెప్పకుండా మీదికొచ్చి మనుషుల్ని లాక్కెళ్తుంది. అమ్మ కారులోనే కూర్చుని "సముద్రం మాకు సూర్యలంకలో లేదా" అంది. బూట్లకు తొడుక్కునే ముళ్ల పట్టీలు రేక్యావిక్‌లోనే కొనుక్కోండి. మేం కొన్న మూడు జతలూ అక్షరాలా కాళ్లు విరక్కుండా కాపాడాయి.

రోడ్డు పక్క గుర్రాల గురించి చెప్పాలి. రింగ్ రోడ్డు మీద దక్షిణాన ప్రతి పది నిమిషాలకూ ఒక మంద కనిపిస్తుంది. తెల్లటి పొలం, మధ్యలో ఎర్రవి, నల్లవి, చాక్లెట్ రంగు ఒంటికి వెండి జూలు ఉన్నవి. చేతులు ఊరుకోవు. కానీ ఆ రోడ్డుకు పక్కన ఆపుకునే జాగా ఉండదు, గంటకు 90 కిలోమీటర్ల వేగం అనుమతించిన రోడ్డు, కింద గాజులాంటి మంచు. హ్వోల్స్‌వోల్లూర్ దాటాక మా ముందు మూడు కార్లు బ్లింకర్లు వేసి రోడ్డు మీదే ఆగి ఉన్నాయి. వెనక నుంచి వచ్చిన పాల ట్యాంకరు హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది చూడండీ, నా గుండె జారిపోయింది. మేం ఇంకో కిలోమీటరు పోయి, పార్కింగు గుర్తు ఉన్నచోట ఆపి వెనక్కి నడిచాం.

అప్పటికి కంచె దగ్గర ఐదారుగురు బ్రెడ్డు ముక్కలు పెడుతున్నారు. రెండు గుర్రాలు ఒకదాన్నొకటి కరుచుకుంటున్నాయి, వెనకున్న చిన్నది తన్ను తింది. గుర్రాలకు తిండి పెట్టకండి అని కంచెకు బొమ్మతో సహా బోర్డు వేలాడుతోంది. దాన్ని ఆనుకుని నిలబడే పెడుతున్నారు. నేను వాళ్లను తిట్టుకుంటూ ఉండగా మా అమ్మ సంచీలోంచి క్యారెట్లు తీసింది. రేక్యావిక్‌లో సూపర్ మార్కెట్‌కి వెళ్లినప్పుడు కూరకని కొందనుకున్నాను. "పాపం నోరులేనివిరా, ఉత్త చేతులతో ఎట్లా పోతాం?" అంది. లోపల పెట్టించేసరికి తాతలు దిగొచ్చారు. ఆ క్యారెట్లు ఆ రాత్రి ఫారం వంటింట్లో వేపుడయ్యాయి.

బ్రెడ్డు ఎందుకు పెట్టకూడదో ఫారం ఆయన మాకు తర్వాత చెప్పాడు. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు. బ్రెడ్డు లోపల పులిసి గ్యాసు పడితే కడుపునొప్పితో పొర్లుతుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది. పైగా కంచె దగ్గరికొస్తే తిండి దొరుకుతుందని మరిగిన గుర్రం కంచెను తోస్తుంది, మంద రోడ్డు మీద పడుతుంది. అమ్మ అంతా విని, "మరి వీటికి ఉలవలు పెట్టరా? చిన్నప్పుడు మా స్టేషన్ దగ్గర జట్కావాళ్లు రాత్రికి నానబెట్టేవాళ్లు" అని అడిగింది. ఉలవలంటే ఏంటో ఆయనకు చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఇక్కడ చలికాలమంతా ఎండుగడ్డేనట.

ఈ ఫారంలో ఉన్న మూడు రాత్రులే అసలు యాత్ర. పేరు రాయను, అలాంటివి హెల్లా చుట్టూ చాలా ఉన్నాయి, బుకింగ్ సైట్లలో 'హార్స్ ఫారం గెస్ట్‌హౌస్' అని వెతికితే దొరుకుతాయి. వీక్ హోటల్ ధరలో దాదాపు సగం. లోటుపాట్లు కూడా చెప్తాను. గదులు చిన్నవి, బాత్రూము ఇంకో గదివాళ్లతో కలిపి, నెట్ వంటింట్లో మాత్రమే వస్తుంది, గుర్రపుసాల వాసన జాకెట్‌కి పట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌దాకా వచ్చింది. రోజంతా సైట్ సీయింగ్ చేసి రాత్రి పడుకోవడానికి మాత్రమే వచ్చేవాళ్లకు ఇది నచ్చదు. అదే వంటింటి వల్ల మాకు మూడు పూటలా అన్నం దొరికింది. అమ్మ శాకాహారి, ఆ రోడ్డు మీద పెట్రోల్ బంకుల్లో దొరికేది హాట్‌డాగే. పొడులు, గోంగూర పచ్చడి వెంట తెచ్చుకున్నాం. అక్కడ దొరికే స్కిర్ అనే పాల పదార్థం ఏ రుచీ కలపనిది చూసి కొంటే మీగడ పెరుగులా ఉంటుంది, అన్నంలోకి బ్రహ్మాండం. చూడకుండా కొన్న మొదటి డబ్బా వెనీలాది, దాంతో పెరుగన్నం తిన్న పాపం నాది.

ఫిబ్రవరి మధ్యలో తొమ్మిదిన్నరకు తెల్లవారుతుంది, ఆరుకు పొద్దుగూకుతుంది. మొదటి సాయంత్రమే ఆయన్ని "గడ్డి ఎన్నింటికి వేస్తారండీ?" అని అడిగాను. ఈ ప్రయాణంలో నేను వేసిన తెలివైన ప్రశ్న అదొక్కటే. పది గంటలకు ఆయన ట్రాక్టరుతో గడ్డి చుట్ట తెచ్చి మంచు మీద విప్పుతాడు. ఇంజన్ చప్పుడు వినగానే దూరంగా చుక్కల్లా ఉన్నవి ముప్ఫై గుర్రాలు ఒక్కసారి దౌడు తీస్తాయి. సూర్యుడు అప్పుడే లేచి అడ్డంగా వెలుగు వేస్తుంటాడు, డెక్కల కింద నుంచి మంచు పొగలా లేస్తుంది. ఆ పది నిమిషాలకే పెద్ద లెన్సు పనికొచ్చింది. షట్టర్ వేగం 1/1000 సెకను పెట్టుకుని, గడ్డి చుట్టకు పక్కగా, గాలికి వీపు చేసి మోకాళ్ల మీద కూర్చున్నాను. గాలికి ఎదురుగా కూర్చుంటే లెన్సు మీదే మంచు.

కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే మంచును బూడిద రంగులో తీస్తుంది. తెల్లదనం ఎక్కువై వెలుతురు తగ్గించేస్తుందది. ఒకటి నుంచి ఒకటిన్నర స్టాప్ (కెమెరాలో వెలుతురు కొలత) దాకా నేనే పెంచుకున్నాను. అయితే నల్ల గుర్రం దగ్గరికొచ్చి ఫ్రేము నింపేస్తే లెక్క తిరగబడుతుంది, మళ్లీ తగ్గించాలి. బ్యాటరీ చలికి సగం రోజు కూడా రాదు, రెండోది చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకుని మార్చుకుంటూ ఉన్నాను. గదిలోకి వెళ్లే ముందు బయటే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేస్తే ఆవిరి కవరు మీద పడుతుంది, లెన్సు లోపల పట్టదు. ఇది మొదటి రాత్రి చేయలేదు, గంటసేపు కెమెరా కన్ను తెరవలేదు.

గడ్డి తిన్నాక మొదలవుతుంది స్నేహం. కడుపు నిండిన గుర్రానికి మనుషులే కాలక్షేపం. ఆయన అనుమతితో కంచె లోపలికి వెళ్లాం, ఆయన పక్కనే ఉన్నాడు. ఒక ఎర్ర గుర్రం నా కెమెరా బెల్టు నమలడం మొదలుపెట్టింది, ఆ పంటి గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకొకటి అమ్మ వెనక చేరి మంకీ క్యాప్ మీది ఉన్ని బంతిని పెదాలతో మెల్లగా లాగింది. "ఏయ్, పో!" అని అమ్మ అదిలిస్తే ఒక అడుగు వెనక్కేసి మళ్లీ అదే పని. పెద్ద లెన్సు తీసేసి, దగ్గరి నుంచి తీసే 35 ఎం.ఎం. లెన్సు వేసుకున్నాను. అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు గుమ్మడికాయంత, చెవులు చింతాకంత పడతాయి. కొన్నిటికి అదే అందం. కానీ మొహం మొహంలా రావాలంటే ఒక చిట్కా పనిచేసింది. మా ఆవిడ నాకు పక్కగా నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడి వాటిని పలకరిస్తుంది. గుర్రాలు తన దగ్గరికి వెళ్తాయి, నేను పక్క నుంచి తీసుకుంటాను. నుదుటి జూలు కళ్ల మీద పడే ఉంటుంది, గాలి దాన్ని పక్కకు తోసే క్షణం కోసం కాచుకోవాలి. వెనకవైపు నుంచి మాత్రం ఎప్పుడూ పోకూడదు, ఎంత మంచిదైనా తన్నుతుంది.

స్వారీ గురించి కూడా చెప్పాలి. దగ్గర్లోని ఒక పెద్ద కేంద్రంలో గంట స్వారీ ముందే బుక్ చేసుకున్నాం. హెల్మెట్, ఒంటినిండా నారింజ రంగు ఓవరాల్ ఇచ్చారు, గుర్రాలు సాధువులు. కానీ పద్నాలుగు మంది ఒకే వరుసలో, మొత్తం నడకే. ఐస్‌లాండ్ గుర్రానికి పేరు తెచ్చిన నడక 'తోల్ట్'. వేగం పెరిగినా ఎప్పుడూ ఒక కాలు నేల మీద ఉంటుంది కాబట్టి పైనున్న మనిషి ఎగిరెగిరి పడడు. అది చూపించలేదు, కొత్తవాళ్లతో కుదరదన్నారు. ఆ సాయంత్రం మా ఆవిడ చిన్నబుచ్చుకోవడం చూసి ఫారం ఆయన తన ముసలి ఆడగుర్రం మీద ఎక్కించి, పక్కన ఇంకో గుర్రం మీద తాడు పట్టుకుని సాల ముందు రెండు చుట్లు తిప్పాడు. "అత్తయ్యా, గ్లాసులో టీ పోసివ్వండి, తొణక్కుండా తాగేస్తాను" అని అరిచింది పైనుంచి. డబ్బు తీసుకోలేదాయన.

హెల్లా ఊరి ఈతకొలనుకు కూడా వెళ్లాం. టూరిస్టులంతా వెళ్లే వేడినీళ్ల కొలను బ్లూ లగూన్ టికెట్‌లో పదో వంతు దగ్గర ఉంటుంది, చుట్టూ మంచు, మెడదాకా వేడినీళ్లు. దిగే ముందు బట్టలన్నీ విప్పి అందరి ముందు సబ్బుతో స్నానం చేయాలన్న నియమం దగ్గర అమ్మ వెనక్కి తిరిగి కారులోకెళ్లి కూర్చుంది. ఆ విషయంలో తన పక్షమే నేను, కానీ నీళ్లు బాగున్నాయి.

ఆఖరి రాత్రి వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టి ఫారం ఆయనకు ఫొటోలు చూపించాను. ఎగిరే జూలు, మంచు అంటిన కనురెప్పలు, ఎదురు వెలుగులో ఊపిరి పొగ. నాకు లోలోపల గర్వంగానే ఉంది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ చూసి, మర్యాదగా తల ఊపి, చివరికి అన్నాడు: "బాగున్నాయి. కాళ్లేవీ?"

నిజమే, నా ఫొటోల్లో ఒక్క గుర్రానికీ కాళ్లు లేవు. మంచులో కూరుకుపోయైనా ఉన్నాయి, లేదా ఫ్రేము బయటైనా ఉన్నాయి. గుర్రం అమ్మేవాడికీ కొనేవాడికీ కావలసింది కాళ్లు, వీపు, మెడ కలిసే చోటు. నేను తెలుగులో చెప్పగానే అమ్మ ఆయన పక్షం చేరిపోయింది. "మరి గుర్రానికి కాళ్లు కాకపోతే ఏం చూస్తారు? పంచకళ్యాణి అని ఎట్లా తెలుస్తుంది?" నాలుగు కాళ్లూ మొహమూ తెల్లగా ఉండే గుర్రాన్ని మన దగ్గర అలా అంటారని ఆయనకు చెబితే, అలాంటిది తన దగ్గర ఒకటుందన్నాడు.

మర్నాడు పొద్దున ఎయిర్‌పోర్టుకు బయలుదేరే ముందు ఆ గుర్రాన్ని సాల ముందు మంచు తీసేసిన సిమెంటు మీదికి తెచ్చాడు. పక్కవాటుగా, నాలుగు కాళ్లూ కనపడేలా నిలబెట్టాడు. వెనక ట్రాక్టరు, గడ్డి చుట్ట, పేడ కుప్ప. ఆకాశం చదునుగా, ఒక్క నీడ లేదు. ఆయన చెప్పిన ఎత్తు నుంచి, చెప్పిన దూరం నుంచి మూడు తీశాను. అందులో ఒకటి ఇప్పుడు వాళ్ల గెస్ట్‌హౌస్ పేజీలో ఉంది. ఫొటోలో గుర్రం కళ్లు మూసుకుని ఉంది, ఆయన పట్టించుకోలేదు.